వల్లూరు వైపు గుత్త సేద్యం, తప్పిన వాయిదాలు

ఇప్పుడు వల్లూరులో ఎవరినైనా "గుత్త వచ్చిందా?" అని అడిగితే, సోలార్ పార్కు డబ్బు బ్యాంకులో పడిందా అని అర్థం. రెండు తరాల ముందు ఆ ప్రశ్న ఇంకోరకంగా ఉండేది. "గుత్త కట్టినావా?" అని అడిగేవాళ్ళు. అడిగేది భూమిగలాయన, తల వంచుకొని నిలబడేది చేను చేసేవాడు. మన బంధువర్గంలో గుత్తకిచ్చినోళ్ళూ ఉన్నారు, గుత్తకు చేసినోళ్ళూ ఉన్నారు. కాబట్టి ఈ కథ రాసేటప్పుడు ఒక పక్షం చేరి రాయడం మనకు కుదరదు.

బెంగళూరులోనూ ఇంకా దూరాల్లోనూ పుట్టిన మన పిల్లలకు ముందు ఊరి సంగతి నాలుగు మాటల్లో చెప్పాలి. వల్లూరు ఉండేది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో. పటం తీసి చూస్తే ఈ తాలూకా ఒక వింత. పేరుకు తుమకూరు జిల్లాదే, కానీ మిగతా జిల్లాతో నేల కలవదు. కర్ణాటకతో దానికున్న అతుకు చిత్రదుర్గ వైపు. మిగిలిన దిక్కులన్నీ అనంతపురం సీమే. మన పక్కూళ్ళలో సగం మందికి ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. పెండ్లిళ్ళు కళ్యాణదుర్గం, పెనుకొండ, మడకశిర వైపు; కాగితాలు మాత్రం మధుగిరి, తుమకూరు వైపు. జిల్లా కేంద్రానికి నేరుగా పోవాలంటే నడుమ ఆంధ్ర నేల దాటాల. ఈ దూరం సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

సేద్యం సంగతి అందరికీ తెలిసిందే. వాన పడితే శనక్కాయ, లేకపోతే ఏమీ లేదు. ఉత్తర పినాకిని పేరుకే ఏరు, ఎక్కువ నెలలు ఇసక. ఇట్లాంటి నేలలో భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది అయినప్పుడు వాళ్ళిద్దరి నడుమ ఒప్పందం ఎన్ని రకాలుగా ఉండాలో అన్ని రకాలుగానూ ఉండింది. పండినదాంట్లో పాలు పంచుకుంటే వారం, లేదా కోరు. పండినా ఎండినా ఇన్ని మూటలు, ఇన్ని రూపాయలు అని ముందే తెగ్గొట్టుకుంటే గుత్త. మైసూరు దస్తావేజుల్లో వీటన్నిటికీ కలిపి గేణి అని రాసేవాళ్ళు, చేసేవాడు గేణిదారు. వారానికి చేసినోడికి కరువులో పోయేది కష్టం మాత్రమే. గుత్తకు చేసినోడికి కష్టం పోయి, పైన బాకీ మిగిలేది. మంచి వానలొచ్చిన ఏడు మాత్రం గుత్తే లాభం. అందుకే ధైర్యమున్నోడు గుత్తకు దిగేవాడు. ఈ సీమలో ధైర్యానికి పదేళ్ళలో మూడు నాలుగేళ్ళు మాత్రమే విలువ దక్కేదని మా పెద్దవాళ్ళ లెక్క.

వీటన్నిటి మీదా ఇంకొక గుత్త ఉండేది, అది సర్కారుది. దాన్ని కందాయం అనేవాళ్ళు. కందాయం బాకీ పడితే వసూలుకు సర్కారు కోర్టుకు పోవలసిన పనే లేదు. 1888 నాటి మైసూరు ల్యాండ్ రెవెన్యూ కోడ్ కింద అమల్దారే జప్తు పెట్టి వేలం వేయించొచ్చు. ధాత కరువు, అంటే 1876-78 కరువు, మైసూరు సీమ జనాన్ని ఎంతగా కోసిందంటే అయిదోవంతు మంది పోయారని లెక్క చెబుతారు. అట్లాంటి కాలాల తర్వాతే భూములు చేతులు మారుతాయి. పట్టా పోగొట్టుకున్నవాడు ఎక్కడికీ పోడు. అదే ఊళ్ళో, ఒక్కోసారి అదే చేన్లో, గుత్తకు దిగుతాడు. నిన్నటి రైతు నేటి గేణిదారు కావడం మన వైపు కొత్త కాదు. అందుకే "మాది" అనే మాట గేణిదారు నోట అంత సులువుగా వచ్చేది, భూమిగలాయనకు అంత కోపం తెప్పించేది.

ఇక కోర్టు సంగతి. బాకీ పడినంత మాత్రాన కోర్టుకు పోయేవాళ్ళు కాదు. ముందు మాటలు, తర్వాత పెద్దమనుషులు, ఆ తర్వాత శానుభోగు ఇంటి అరుగు. ఇవేవీ కుదరనప్పుడే వకీలు. మన వైపు చాలా తగాదాలు అరుగు మీదే తెగిపోయినాయి, న్యాయంగానో అన్యాయంగానో. కోర్టుకెక్కినవి తక్కువే, కానీ చేన్లు ఎక్కువ పోయింది వాటిల్లోనే. ఎందుకంటే అరుగు మీద పంచాయితీకి రాకపోతే మనిషిని పంపించి పిలుచుకొస్తారు. కోర్టు అట్లా పిలవదు. ఒక్కసారి సమను పంపిస్తుంది, ఆ రోజు గుమ్మం దగ్గర జవాను మూడు కేకలు వేస్తాడు, అంతే.

ఆ సమను ఎట్లా ముట్టేదో చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, అయిదో ఆర్డర్ దీనికి మూలం. ప్రతివాది దొరికితే అతని చేతికే ఇయ్యాల. దొరక్కపోతే అతనితో కాపురముండే ఇంటివాళ్ళలో పెద్దవాళ్ళకు ఇయ్యొచ్చు. అయితే 1976 సవరణ దాకా ఆ ఇంటివాళ్ళు అంటే మగవాళ్ళే! ఆడవాళ్ళకిస్తే ముట్టినట్టు కాదు. పనోడికిస్తే అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. శనక్కాయ కాలం అయిపోయినాక మన వైపు మగవాళ్ళు ఊళ్ళో ఎక్కడుంటారు? కూలికి పోతారు, బండ్లు తోలుకొని పోతారు, గొర్రెలతో పోతారు. ఇంట్లో ఉండేది అవ్వ, కోడలు, పిల్లలు. అమీను వస్తాడు, మగమనిషి లేడంటారు. మళ్ళీ వచ్చినా లేడంటారు. అప్పుడు చట్టం ప్రకారమే సమను నకలు వాకిలి తలుపుకు అంటించి, ఎవరి ఎదుట అంటించినాడో రాసుకొని పోతాడు. సాక్షి తళారో, ఎదురింటాయనో.

తలుపుకు అంటించిన కాగితం మీద కన్నడంలో రాసిన నాలుగు వరుసలుంటాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువొచ్చినోళ్ళు లేరు. శానుభోగు చదివి చెప్పాల. ఆ శానుభోగు భూమిగలాయనకు దగ్గరివాడైతే ఏం చెబుతాడో, ఎంత చెబుతాడో మీరే అనుకోండి. అందరు శానుభోగులూ అట్లాంటివాళ్ళే అని నేనడం లేదు. తన చేతి డబ్బుతో బస్సెక్కించి పంపినోళ్ళూ ఉన్నారు. కానీ ఒక్క మనిషి మంచితనం మీద ఒక ఇంటి భూమి ఆధారపడిందంటే ఆ ఏర్పాటులోనే లోపముంది.

చదివి చెప్పినా పోవడం ఇంకొక కథ. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, వకీలు ఫీజు, కోర్టు కాడ అన్నం. పోతే వాయిదా వేస్తారు. ఇంకోసారి పోతే జడ్జి సెలవు. మూడోసారి పోతే అవతలి వకీలు గడువు అడుగుతాడు. నాలుగోసారి విత్తనం పదునైతుంది. పదును రెండు మూడు రోజులకంటే నిలవదు, కోర్టు మాత్రం ఎప్పుడూ ఉంటుంది కదా అనుకొని చేన్లోకి పోతాడు. ఆ నాలుగో వాయిదానాడే కేసు పిలుస్తారు. "ప్రతివాది గైరుహాజరు, ఎక్స్ పార్టీ." తొమ్మిదో ఆర్డర్, ఆరో రూల్. వాది చెప్పింది విని, కాగితం చూసి, డిక్రీ ఇస్తారు. భూమి కోసం సేద్యం మానుకోలేక, సేద్యం కోసం పోయి భూమి పోగొట్టుకున్న సంగతి ఇది. దీన్ని సోమరితనం అని రాసినవాళ్ళను చూశాను. రాసినవాళ్ళెప్పుడూ మృగశిర కార్తెలో చేన్లో నిలబడి ఉండరు.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది అనుకునే తప్పు మాట ఒకటుంది. ఒక్క వాయిదా తప్పితే అంతా అయిపోయినట్టే, ఇక పోయి లాభం లేదు అని. అది నిజం కాదు, ఎన్నడూ కాలేదు. 1955లో సుప్రీంకోర్టు సంగ్రామ్ సింగ్ కేసులో ఈ సంగతే తేల్చింది. అది కోటా ఎన్నికల ట్రిబ్యునల్ నుంచి వచ్చిన తగాదా, తీర్పు రాసింది జస్టిస్ వివియన్ బోస్. ఆయన చెప్పిన సారం ఇది: ఈ విధివిధానాలు న్యాయం జరగడానికి పెట్టినవి, జనాన్ని తట్టి పడేయడానికి కాదు, ఒక వాయిదాకు రానంత మాత్రాన ఆ తర్వాతి వాయిదాకు వచ్చి వాదించుకునే హక్కు పోదు. జరిగిపోయిన పనిని వెనక్కి తిప్పాలంటే కారణం చూపించాల, జరగబోయేదాంట్లో మాత్రం ఆ దశ నుంచి కలుసుకోవచ్చు. ఇక డిక్రీ అయిపోయినా దారి మూసుకుపోలేదు. తొమ్మిదో ఆర్డర్ పదమూడో రూల్ కింద, సమను సరిగా ముట్టలేదనో, రాలేకపోవడానికి తగిన కారణముందనో చూపిస్తే ఆ డిక్రీని రద్దు చేయమని అడగొచ్చు. గడువు 30 రోజులు. సమనే సరిగా ముట్టకపోయింటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఇది 1963 నాటి లిమిటేషన్ చట్టం మాట. కానీ ఈ 30 రోజుల సంగతి వల్లూరు గేణిదారుకు ఎవరు చెబుతారు? డిక్రీ సంగతి తెలిసేదే అమీను తళారిని వెంటబెట్టుకొని చేన్లోకి దిగిననాడు. ఆ రోజు నుంచే లెక్క అని తెలియక, పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూనే ఆ నెల కాస్తా గడిపేస్తారు.

కోర్టుకు పోయింటే ఏమొచ్చేది, బాకీ నిజమే కదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బాకీ నిజమైనా పోతే చాలానే వచ్చేది. ఇండ్లు, అంగళ్ళ బాడుగ సంగతి తీసుకుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 114వ సెక్షన్ ఉంది. బాడుగ కట్టలేదని ఖాళీ చేయించడానికి దావా వేసినప్పుడు, విచారణ రోజున బాకీ, వడ్డీ, కోర్టు ఖర్చులు కలిపి కట్టేస్తే, లేదా 15 రోజుల్లో కడతానని హామీ ఇస్తే, కోర్టు ఖాళీ చేయించకుండా వదిలిపెట్టొచ్చు. విచారణ రోజున అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఆ రోజు అక్కడ లేనివాడికి ఈ దయ లేదు. 1961 నాటి రెంట్ కంట్రోల్ చట్టం నడిచిన కాలంలో, అది అమలైన పట్నాలలో ఇంకో రకంగా ఉండేది. నోటీసు ముట్టిన రెండు నెలల్లో బాకీ కడితే ఆ కారణం మీద ఖాళీ చేయించే వీలుండేది కాదు. అట్లని కేసు నడుస్తున్నంత కాలం బాడుగ కట్టకుండా కూర్చుంటే, 29వ సెక్షన్ కింద వాదనే వినకుండా ఖాళీ చేయమనే వీలుండేది.

పొలం సంగతి మాత్రం వేరు, దానికి వేరే చట్టాలు. మైసూరులో 1952లోనే టెనెన్సీ చట్టం వచ్చింది, 1954, 1955లలో ఇనాముల రద్దు చట్టాలు. 1961 భూసంస్కరణల చట్టం పుస్తకంలో చేరి, 1965 అక్టోబరు 2న అమలుకొచ్చింది. గాంధీ జయంతి నాడు తెచ్చారు, మంచిదే, కానీ ఆ నాలుగేళ్ళ సందులో ఎన్ని చేన్లు "స్వచ్ఛందంగా" వదులుకున్నట్టు రాయించుకున్నారో! ఈ స్వచ్ఛంద వదులుబాటు దేశమంతటా జరిగిందే, మన వైపు తక్కువేమీ కాదు. ఆ 1965 చట్టం ప్రకారం గుత్త బాకీ మీద గేణిదారును తీసేయాలంటే ఒక్క ఏడు తప్పితే చాలదు. వరసగా రెండేళ్ళు తప్పి ఉండాల. అదీ భూమిగలాయన ప్రతి ఏడూ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉంటేనే. కరువు ఒక ఏడు వస్తే ఇంకో ఏడు కోలుకోవచ్చుననే లెక్క మీద పెట్టిన నియమం ఇది. చట్టం రాసినోళ్ళకు మన నేల సంగతి కొంచెమైనా తెలుసుననిపిస్తుంది నాకు, అయినా రెండేళ్ళు వరసగా ఎండటం పావగడకు వింతేమీ కాదు.

అయితే నోటీసు ఇచ్చినారా లేదా, రెండేళ్ళా ఒక్క ఏడా, పోయినేడు ఇచ్చిన ఆరు మూటలు లెక్కలోకి వచ్చినాయా లేదా, ఇవన్నీ చెప్పాల్సింది గేణిదారు. అతను కోర్టులో లేకపోతే వాది చెప్పిందే లెక్క. పైగా రశీదు ఎక్కడ? ధాన్యం కొలిచి ఇచ్చినోడికి రశీదు ఎవరిచ్చినారు? అడిగితే "నామీద నమ్మకం లేదా?" అని కోపం. అందుకే తెలివిగల కొందరు గుత్త డబ్బును మనియార్డరు చేసేవాళ్ళు. భూమిగలాయన తీసుకుంటే సంతకం ఉంటుంది, తీసుకోకపోతే "నిరాకరించారు" అని పోస్టుమాను రాసి తిప్పి పంపుతాడు. ఆ తిరిగొచ్చిన కాగితమే కోర్టులో కట్టడానికి సిద్ధపడ్డానని సాక్ష్యం. ఆ కాగితాన్ని తుపాకీ లైసెన్సు మాదిరి ట్రంకు పెట్టెలో దాచుకున్న ఇండ్లున్నాయి. ఇంకో సంగతి, బాడుగైనా గుత్తైనా మూడేళ్ళ కంటే పాత బాకీకి దావా చెల్లదు. పదేళ్ళ బాకీ అని బెదిరిస్తే బెదిరిపోయి చేను వదిలేసినోళ్ళు కోర్టు మెట్లెక్కింటే అందులో ఏడేళ్ళ లెక్క అక్కడే కొట్టుకుపోయేది.

మలెనాడు వైపు ఈ బాధే ఇంకో రూపంలో బయటపడింది. 1951లో సాగర తాలూకా కాగోడులో దీవరు కులం గేణిదారులు కొలత కోసం తిరగబడినారు. గుత్త ధాన్యం కొలిచే కొళగం పెద్దదిగా పెట్టి ఎక్కువ కొలుచుకుంటున్నారని తగాదా. గణపతియప్ప ముందు నిలబడినాడు, లోహియా వచ్చి అరెస్టయినాడు. మన ఎండు సీమలో అట్లాంటి సత్యాగ్రహం లేచిన దాఖలా నాకు కనబడలేదు. అడవి, వక్కతోటలు, నీళ్ళు ఉన్నచోట మనుషులు నిలబడి పోట్లాడతారు. మన వైపు కరువొస్తే ఊరే ఖాళీ అవుతుంది, పోట్లాడేదానికి మనుషులెక్కడ?

సమను తెచ్చినోడిని ఊళ్ళోకే రానీయకపోవడం ఇంకో దేశంలో జరిగింది, అది చెప్పకుండా ఉండలేను. 1880లో ఐర్లండు మేయో సీమలో ఒక దొర భూములకు ఏజెంటు ఉండేవాడు, చార్లెస్ బాయ్‌కాట్ అని. గుత్త బాకీకి ఖాళీ చేయించే నోటీసులు పంచడానికి మనిషిని పంపితే ఊరి ఆడవాళ్ళు రాళ్ళూ మట్టీ విసిరి తరిమేసినారు. తర్వాత ఊరంతా అతనికి పని చేయడం, సరుకులమ్మడం మానేసింది. మనం రోజూ వాడే బాయ్‌కాట్ అనే మాట ఆయన పేరే. మన వైపు చట్టం ఆడవాళ్ళకు సమను ఇస్తే చెల్లదంది, అక్కడ ఆడవాళ్ళే సమనును చెల్లకుండా చేసినారు!

మళ్ళీ మన ఊరికి వద్దాం. పెద్ద మలుపు 1974 మార్చి 1. దేవరాజ అరసు ముఖ్యమంత్రి, రాష్ట్రం పేరు కర్ణాటక అయి నాలుగు నెలలు. ఆ రోజుతో గుత్తకిచ్చిన పొలాలన్నీ సర్కారు పరమైనట్టు చట్టం. చేసేవాడు ఫారం 7 పెట్టుకుంటే, తాలూకా భూన్యాయమండలి విచారించి అతన్నే హక్కుదారుగా రాస్తుంది. "ఉళువవనే హొలదొడెయ" అని గోడల మీద రాసినారు, మన భాషలో దున్నేవాడిదే భూమి. ఇదివరకు మున్సిఫ్ స్థాయి న్యాయాధికారి చూసే పనిని అసిస్టెంట్ కమిషనర్, సర్కారు వేసిన నలుగురు సభ్యులు కూర్చొని చూసేటట్టు పెట్టినారు. ఆ నలుగురిలో షెడ్యూల్డు కులాలు తెగలవాళ్ళు ఒకరైనా ఉండాల. వకీళ్ళకు ప్రవేశం లేదు. వకీలు లేనిచోట పేదవాడు నోరు విప్పుతాడని వాళ్ళ ఆలోచన. ఈ వకీళ్ళ నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు 1987లో చెప్పింది, కానీ మిగతా చట్టాన్ని నిలబెట్టింది.

గమనించండి, ఇక్కడ పాచిక తిరగబడింది. ఇన్నాళ్ళు వాయిదా తప్పితే పోయేది గేణిదారుకు. 1974 తర్వాత నోటీసు తప్పితే పోయేది భూమిగలాయనకు. బెంగళూరులోనో బళ్ళారిలోనో కొలువు చేసుకుంటూ ఊళ్ళో నాలుగెకరాలు బంధువుకో పక్కింటోడికో ఇచ్చి పోయినవాడున్నాడు. పిల్లలు చిన్నవాళ్ళు, మొగుడు పోయినాడు, చేయించుకునే దిక్కులేక గుత్తకిచ్చిన విధవరాలుంది. వీళ్ళు పెద్ద జమీందారులేమీ కాదు. నోటీసు ఊళ్ళో చావిడికి అంటించినారు, పాత ఇంటి చిరునామాకు పంపినారు. వీళ్ళు రాలేదు. మండలి అవతలివాడి మాట విని రాసేసింది. వినకుండా రాసినారని హైకోర్టుకు రిట్లు పడినాయి, తిప్పి పంపిన కేసులు ఎన్నో. మన బంధువుల్లో ఇప్పటికీ ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి పెండ్లికి పోరంటే, వెనక్కి తవ్వి చూస్తే ఫారం 7 బయటపడుతుంది.

అటు గేణిదారుల్లోనూ అందరికీ దక్కలేదు. ఫారం పెట్టుకునే గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 1979 జూన్ 30తో ముగించినారు. భయపడి పెట్టనోళ్ళు, దొరకు మొహం చూపించలేక పెట్టనోళ్ళు, ఆ కాలంలో వలసపోయి సంగతే తెలియనోళ్ళు మిగిలిపోయినారు. పహణిలో పేరు లేనివాడు పెట్టినా సాక్ష్యం కావాల. వాళ్ళకోసమే 1998లో ఫారం 7ఏ అని ఇంకొక కిటికీ తెరిచినారు. అప్పటికి మొదట చేను చేసినోళ్ళు చాలామంది లేరు.

సరిహద్దుకు అటు మన చుట్టాల పొలాలకు ఇంకొక చట్టం. ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 1956లో వచ్చింది. కౌలు కట్టాల్సిన రోజు దాటి నెలలోపు కట్టకపోతే, పంట భాగమైతే కోతనాడు ఇయ్యకపోతే, కౌలు రద్దు చేయమని స్పెషల్ ఆఫీసరుకు అర్జీ పెట్టొచ్చు. ఇక్కడ వరసగా రెండేళ్ళు, అక్కడ ఒక్క నెల. ఒకే గట్టుకు రెండు పక్కల ఒకే ఇంటిపేరువాళ్ళు, అదే శనక్కాయ, అదే కరువు. ఇటువైపు 1974లో కౌలునే ఎత్తేసినారు, అటువైపు కౌలు నిలబెట్టి కౌలుదారుకు రక్షణ పెంచాలని చూసినారు. ఏది మేలో నేను తేల్చి చెప్పలేను కానీ, రెండు వైపులా జరిగింది మాత్రం ఒకటే: కౌలు నోటిమాటలోకి దిగిపోయింది. కాగితం రాస్తే అవతలివాడికి హక్కొస్తుందని భయం, కాబట్టి ఎవరూ రాయరు. ఈనాటికీ ఊళ్ళో మన భూమి చేసేవాడి దగ్గర ఒక్క కాగితం ఉండదు. పంట నష్టం డబ్బు పహణిలో పేరున్న మనకొస్తుంది, నష్టపోయింది అతను.

దూరాన ఉండేవాళ్ళం ఇక్కడ మనం ఏ పక్షంలో ఉన్నామో ఒక్కసారి చూసుకోవాల. ఊళ్ళో మనం భూమిగలవాళ్ళం, పట్నంలో బాడుగ ఇంటివాళ్ళం. ఊరి పాత ఇంటికి సమను వస్తే తలుపుకు అంటిస్తారు, తాళం వేసిన తలుపు చదవదు. పట్నంలో ఇల్లు మారి చిరునామా మార్చకపోతే అదే కథ. అమెరికాలో ఉన్న పిల్లలకూ చెబుతున్నా, అక్కడ బాడుగ బాకీ కేసుల్లో హాజరు కాకపోతే అవతలివాళ్ళకు డిఫాల్ట్ తీర్పు ఇచ్చేస్తారు, గడువులు మన దేశంలో కంటే చాలా చిన్నవి. ఇక ఒకవేళ ఎవరైనా కోర్టు ఉత్తర్వు లేకుండానే సామాన్లు బయట పడేస్తే, మన దేశంలో 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ ఉంది. ఆరు నెలల్లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదనే ప్రశ్న పక్కన పెట్టి, ముందు స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఇది సొంతదారు మీద కూడా చెల్లుతుంది. గేణిదారు చేనుకూ, బాడుగ ఇంటికీ రెండింటికీ.

ఇప్పుడు సోలారు సంగతి. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు, మన వల్లూరు, ఈ అయిదు ఊళ్ళ భూమి సుమారు 13,000 ఎకరాలు కలిపి పార్కు కట్టినారు. భూములు కొనలేదు, గుత్తకే తీసుకున్నారు. తీసుకున్నది కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి నూటికి అయిదు పెంపు, 28 ఏళ్ళ గడువు. లెక్కేసి చూస్తే చివరి ఏళ్ళకు ఎకరా గుత్త సుమారు 39,600కు చేరుతుంది. ప్రారంభం చేసింది 2018 మార్చి 1న, ముఖ్యమంత్రి సిద్ధరామయ్య. తారీకు చూసినారా? 1974లో గుత్త భూములు సర్కారు పరమైనదీ మార్చి 1నే. సరిగ్గా 44 ఏళ్ళు. ఎవరూ చూసుకొని పెట్టింది కాదనుకుంటా, కానీ ఆ రోజు ఫారం 7తో రైతైన ఇంటివాళ్ళు ఈ రోజు అదే నేలకు గుత్త తీసుకుంటున్నారు.

కరువు వచ్చినా రాకపోయినా వచ్చే డబ్బు ఇది. ధైర్యం అక్కర్లేని గుత్త. 2019 చివరికి 2,050 మెగావాట్ల పార్కు పూర్తయింది. పట్టా ఉన్నవాడు బాగుపడినాడు, అది ఒప్పుకోవాల. ఎక్కువ ఎకరాలున్నోడు ఎక్కువ బాగుపడినాడు. ఎవరి పట్టా లేని సర్కారు భూమిలో బగర్ హుకుం సేద్యం చేసుకునేవాళ్ళకూ, నోటిమాట మీద వారానికి చేసేవాళ్ళకూ, కూలోళ్ళకూ ఈ గుత్తలో పాలు లేదు. గొర్రెలు మేపే బయలు కంచెలోపల పడింది. ఇదివరకు గేణిదారును తీసేయాలంటే నోటీసు, సమను, వాయిదా, డిక్రీ, అమీను ఇన్ని ఉండేవి. ఈసారి కోర్టు కాదు కదా, ఒక నోటీసు కూడా అవసరం పడలేదు. భూమిగలాయన సంతకం పెట్టినాడు, నోటిమాట సేద్యం ఆ రోజుతో ఆగిపోయింది. ఎవరూ వాయిదా తప్పలేదు, వాయిదానే లేదు.

మన ఇండ్లలో కూడా సంతకాలు పెట్టినోళ్ళున్నారు. పెట్టినాక ఆ చేను ఇన్నేళ్ళు చేసినాయనకు ఎంతో కొంత ఇచ్చినోళ్ళు కొందరు, ఇయ్యనోళ్ళు కొందరు. ఆయన ఇప్పుడు పార్కులో పలకలు కడుగుతున్నాడో, గేటు కాడ కూర్చున్నాడో, బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడో. గడువు ముగిసేనాటికి గట్లు, సరిహద్దు రాళ్ళు, బావులు ఉన్నచోట ఉంటాయా అని ఊళ్ళో ముసలివాళ్ళు అడుగుతావుంటారు. సర్వే నంబర్లు మాత్రం కాగితంలో ఉన్నాయి. మీ ఇంట్లో పాత గుత్త చీటీలు, మండలి ఉత్తర్వులు, తిరిగొచ్చిన మనియార్డరు కాగితాలు ఉంటే పారేయకండి. ఫొటో తీసి పంపండి, ఏ సర్వే నంబరు ఏ చేనో చెప్పగలిగినోళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఊళ్ళో ఉన్నారు.